బైబిలు మీద చెయ్యి

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పత్తా. బాలస్వామి మామ చావు ఎవరి చిత్తం?"

నంద్యాలలో కార్మిక అధికారి ముందు విచారణలో వకీలు మత్తయి అడిగిన ప్రశ్న అది. ఎంత మెత్తగా అడిగాడో! ఎదురుగా నిలబడింది దేవమ్మ. ఆమె మొగుడు బాలస్వామిని ఆళ్లగడ్డ పత్తి మిల్లులో బెల్టు పంచెతో సహా లాక్కుని చంపింది. బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ ఉండాలి. మిల్లు సావుకారు వేయించలేదు. ఆ సంగతి చెప్పడానికే దేవమ్మ వచ్చింది. కానీ బైబిలు మీద చెయ్యి పడగానే, బుద్ధెరిగినప్పటి నుంచి చర్చిలో అంటూ వచ్చిన మాటే నోటికొచ్చింది.

"దేవుని చిత్తం నాయనా."

"రాసుకోండి సార్," అన్నాడు మత్తయి. పరిహారం కేసు కొట్టేశారు.

ఆ మాట వస్తుందని అతనికి ముందే తెలుసు. అతనిదీ దేవమ్మ వాళ్ల పాలెమే. మిషను వాళ్లు చదివిస్తే వకీలయ్యాడు. మన తరఫున నిలబడతాడని పాలెమంతా మురిసిపోయింది. నిలబడ్డాడు, సావుకార్ల తరఫున! 1978లో దేవమ్మను ఓడించాక అతని దశ తిరిగింది. పాణ్యం, నంద్యాల మిల్లుల యజమానులంతా అతని గుమ్మం ముందు వరస కట్టారు. ఎవరి చెయ్యి తెగినా, ఎవరి ప్రాణం పోయినా ఆ పుస్తకాన్నే ముందుకు తోసేవాడు. అదే తన తెలివి అనుకున్నాడు, సిగ్గులేని మనిషి.

మూడేళ్లకు అదే బెల్టు ఇంకో కూలీ శాంతయ్యను మింగింది. అతన్ని పూడ్చిపెట్టిన చోటే కూలీలు కూర్చుని వాదులాడుకున్నారు.

"మత్తయి మనోడే గదా, బతిమాలుకుందాం," అన్నాడు దావీదు.

"మనోడైతే నా నోట్లోంచి ఆ మాటెందుకు పీకుతాడప్పా?" దేవమ్మ కసిరింది. "జాలీ ఎయ్యొద్దని దేవుడు చెప్పినాడా? ఈసారి అందరం పోదాం."

విచారణ రోజున ఆఫీసు ఆవరణ కూలీలతో నిండిపోయింది. మత్తయి శాంతయ్య పెళ్లాం ఆదెమ్మ ముందుకు బైబిలు జరిపాడు. "చెయ్యి పెట్టమ్మా."

"పెట్టను. సావుకారు పాపాన్ని దేవుని నెత్తిన రుద్దను. ఉత్త చెయ్యెత్తి చెప్తాండా. నా మొగుణ్ని మిల్లే చంపింది!"

"మిల్లే చంపింది!" బయట నుంచి వందల గొంతులు అందుకున్నాయి.

అధికారి పోలీసులను పిలిపించాడు. లాఠీలు విరుచుకుపడ్డాయి. ఆదెమ్మ నుదురు పగిలింది. సావుకారు మత్తయి కాలరు పట్టుకున్నాడు.

"నీవోళ్ల నోరు మూయిస్తావనే గదరా నిన్ను పెట్టుకునింది!"

రక్తమోడుతున్న ఆదెమ్మను పోలీసులు వ్యానులోకి ఈడ్చారు. దేవమ్మ తనంతట తానే ఎక్కింది. ఆమె వెనక దావీదు, తక్కిన కూలీలు ఎగబడ్డారు. మత్తయి పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా, దిగు! జామీను నేనిప్పిస్తా!"

"మాకు జామీనెందుకప్పా? బెల్టు కాడ నిలబడేటోళ్లమంతా ఈడనే ఉండాం. పోయి మీ సావుకారును నిలబడమను."

వ్యాను కదిలింది. చోటు చాలని వాళ్లు అరుస్తూ స్టేషను దాకా వెనకే నడిచారు.