తునిలో తెగిన గొలుసు

నేను ఒక గొలుసుని. రైల్లో సీటు కింద సామాను చుట్టూ వేసి తాళం బిగిస్తారే, ఆ గొలుసుని. పక్కవాడిని దొంగ అనుకున్నవాడే నన్ను కొంటాడు. అలాంటి పుట్టుక నాది. అయినా నాకూ అభిమానం ఉంది.

ఢిల్లీ స్టేషన్లో నన్ను కొన్నది హెన్రిక్ అనే పొడుగాటి విదేశీయుడు. కొనిపించింది మాత్రం మనవాడే, అతని హోటల్ పక్కన టిక్కెట్లు బుక్ చేసే ఏజెంటు. "జాగ్రత్త సార్, ఇక్కడ రెప్ప వేస్తే పెట్టె మాయం" అని ఇంటి పరువు తీసుకెళ్ళి వీధిలో పడేశాడు.

హెన్రిక్ తన ఊరి పత్రికకు ఈ దేశం గురించి వ్యాసం రాయాలి. వచ్చి మూడు రోజులు కాలేదు. చూసింది ఆ హోటలూ, దాని ముందు ట్రాఫిక్కూ. అప్పుడే నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పైకి చదువుకున్నాడు: "ఇది దొంగల దేశం. ఎవరినీ నమ్మకూడదు." నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు గానీ, ఇంత దేశానికి ఒక్క ఏజెంటు చాలుతాడా?

తరవాత నలభై రోజులు తిరిగాం. ఝాన్సీ, నాగపూర్, పూరీ, ఇంకా పేర్లు గుర్తులేని ఊళ్ళు. మొదట్లో నన్ను పెట్టెకి మూడు చుట్లు చుట్టేవాడు. ఒక ముసలాయన జామకాయ కోసి సగం చేతిలో పెడితే, అది నములుతూనే తాళం లాగి చూసుకున్నాడు. నాకు సిగ్గేసింది. తిరిగేకొద్దీ మూడు చుట్లు రెండయ్యాయి, విశాఖపట్నం చేరేసరికి ఒకటి. మొదటి పేజీ మాత్రం అలాగే ఉంది.

విశాఖలో విజయవాడ బండి ఎక్కాం. ఎదురు సీట్లో నూకరత్నం అనే ఆవిడ, పది నెలల కొడుకుతో. అనకాపల్లిలో బండి ఆగగానే లేచి, "బాబూ, ఓపాలి ఈడ్ని ఎత్తుకో. నీళ్ళట్టుకొచ్చేత్తాను" అని పిల్లాణ్ణి అతని ఒళ్ళో పెట్టి దిగిపోయింది. ఊరడగలేదు, పేరడగలేదు. ఆవిడ ఎవరి చేతిలో కన్నకొడుకుని పెట్టిందో, ఆ మనిషి తన నాలుగు చొక్కాలకి నన్ను కాపలా పెట్టుకున్నాడు!

బండి కదిలింది. నూకరత్నం కుళాయి దగ్గర గుంపులో చిక్కుకుపోయింది. బండి ఆపాలని ఎవరికైనా తోచేలోపే హెన్రిక్ పిల్లాణ్ణి గుండెకి అదుముకుని దిగేశాడు. పెట్టె నాతోపాటు ముందుకు పోయింది.

బోగీలో అందరూ మాట్లాడుకున్నారు. ప్లంబరు అప్పలనాయుడు సంచిలోంచి ఇనుము కోసే బ్లేడు తీసి, "పిల్లోడి కోసం దిగిపోనాడు పాపం. తునిలో టేసను మాస్టారికి అప్పజెప్పేద్దాం" అన్నాడు. "కోస్తే మననే దొంగలంటారేమో" అని ఇంకొకరు. అప్పుడొక టీచరమ్మ కాగితం తీసి రాసింది: "అయ్యా, మీ సామాను దించడానికి గొలుసు కోయవలసి వచ్చింది. పెట్టె తెరవలేదు. మన్నించండి." కింద ఆరు సంతకాలు, ఒక వేలిముద్ర. అందరూ ఫోన్ నంబర్లు కూడా వేశారు.

నన్ను కోస్తుంటే నొప్పి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. వీళ్ళెందుకు మన్నించమనాలి?

తుని నుంచి అనకాపల్లి స్టేషన్‌కి కబురు వెళ్ళింది. తరవాతి బండికి హెన్రిక్, నూకరత్నం, పిల్లాడు తునిలో దిగారు. స్టేషన్ మాస్టరు కాగితం చదివి అతనికి ఇంగ్లీషులో చెప్పాడు. హెన్రిక్ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆ వేలిముద్ర మీద తన వేలు పెట్టి చూసుకున్నాడు. తరవాత పెట్టె పైజేబులోంచి నోటుపుస్తకం తీసి, మొదటి పేజీ చించి, అక్కడ ఆ కాగితం పెట్టుకున్నాడు. పెట్టె తెరిచి చూసుకోలేదు.

పెట్టెతోపాటు నన్నూ దించేశారు కాబట్టి, నేను ప్లాట్‌ఫాం చివర పాత ఇనుములో రెండు ముక్కలుగా పడి ఉన్నాను. కోపం ఇంకా చల్లారలేదు. పరాయివాడు నలభై రోజులు తిరిగి తెలుసుకున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన ఆ ఏజెంటు ఎన్నాళ్ళకి తెలుసుకుంటాడు?

హెన్రిక్‌కి టీ తాగాలనిపించినట్టుంది. లేచి, నూకరత్నానికి పెట్టె చూపించాడు.

"ఎల్లిరా, నానున్నాను గదా" అంది ఆవిడ, పిల్లాడికి పాలిస్తూ మోచెయ్యి పెట్టె మీద ఆనించుకుని. అతను వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళాడు.