వరసలో నిలబడ్డ మిస్డ్ కాల్

గిద్దలూరు దగ్గర పెద్దయ్యకు బత్తాయి తోట ఉంది. ఇంటికి చాలా దూరం. మార్కాపురంలో ఇంజనీరింగు చదివిన కూతురు ప్రసన్న, మోటారు షెడ్డులో బ్యాటరీతో నడిచే ఓ చిన్న కంప్యూటరు బిగించింది. పెద్దయ్య ఇంట్లోంచి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, తోటలో మోటారు తిరుగుతుంది. ఆపడానికి ఇంకో నంబరు. చుట్టుపక్కల రైతులు నోరెళ్ళబెట్టారు, పెద్దయ్య మీసం దువ్వాడు.

ఆ కంప్యూటరులో ప్రసన్న రాసినవి రెండు ప్రోగ్రాంలు. ఒకటి కాల్ రాగానే 'ఆన్ చెయ్' అని ఒక మెసేజిని క్యూలో వేస్తుంది. రెండోది వాటిని వరసగా, ఆగి ఆగి ఒక్కొక్కటే తీసుకుని స్టార్టరు నొక్కుతుంది. ఆ క్యూ రెండింటిలో ఎవరి సొత్తూ కాదు, దాన్ని కాపాడేది ఆపరేటింగ్ సిస్టం. పిండిమర ఆగిపోయి మరాయన ఎటో పోయినా, వరసలో పెట్టిన సంచులు అక్కడే ఉంటాయి కదా, అట్లా. ఈ సంగతి ప్రసన్న చదివింది, పరీక్షలో రాసింది, మార్కులూ తెచ్చుకుంది. బుర్రకు ఎక్కిందా లేదా అన్నది మాత్రం ఆ రోజే తేలింది.

ఆ పొద్దున కరెంటు వచ్చినా మోటారు తిరగలేదు. పెద్దయ్య మంచం మీద కూర్చుని మిస్డ్ కాల్ మీద మిస్డ్ కాల్ ఇచ్చాడు. మనవాళ్ళకు అదో జబ్బు. ఎత్తనివాడికి ఎన్నిసార్లు చేస్తే అంత తొందరగా ఎత్తుతాడని నమ్మకం. మోటారు ఉలకలేదు, పలకలేదు. ఇక లాభం లేదని ఆలినీ కూతురినీ వెంటబెట్టుకుని తోటకు వచ్చాడు. కేబులు జాయింటే పోయిందని తేల్చేసి, టేపు ఊడదీసి, తీగలు కోసి, తడి గట్టు మీద చతికిలబడ్డాడు. పక్కనే మేకపిల్ల ఒకటి గడ్డి కొరుకుతోంది.

"మెయిన్ స్విచ్చి తీసినావా?" అంది ఆయన ఆలు రాములమ్మ.

"ఏందే నీ చాదస్తం! ఫోను నా జేబులోనే ఉండాది. నేను చేయందే మోటారు ఎట్ల తిరుగుద్ది?"

"అవునుమా, నాయన చేయకుంటే తిరగదు" అని వత్తాసు పలికింది ప్రసన్న.

షెడ్డులోకి పోయి కంప్యూటరు చూసింది. రెండో ప్రోగ్రాం ఎప్పుడో చచ్చి పడి ఉంది. ఇదా సంగతి! తీగలకు ఏ రోగమూ లేదు, నాయన ఊరికే కోసి పెట్టాడు. ప్రసన్నకు నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే ఆ ప్రోగ్రాంను మళ్ళీ మొదలుపెట్టింది.

టక్కుమని స్టార్టరు పడింది.

ఎవరూ ఫోను చేయలేదే అనుకుంది. ఆ అనుకోవడం పూర్తి కాకముందే బయట చిటపటమంది, రాములమ్మ కేక వేసింది. ప్రసన్న మెయిన్ లాగేసి బయటికి పరుగెత్తింది.

గట్టు మీద గడ్డి కొరుకుతున్న మేకపిల్ల కాళ్ళు చాచి పడి ఉంది. దాని మూతి పక్కనే మూడు తీగల కొసలు. పెద్దయ్య నాలుగడుగుల అవతల, చేతిలో మజ్జిగ చెంబుతో కొయ్యబారిపోయి నిలబడ్డాడు. అప్పుడే రాములమ్మ చెంబు అందిస్తే, తీగలు కింద పెట్టి లేచాడు. అంతే. మజ్జిగ ఒలికి కాళ్ళ మీద పడుతున్నా ఆయనకు తెలియడం లేదు.

"ఎవురు చేసినారు ఫోను?" అన్నాడు. జేబు తడుముకున్నాడు. ఫోను అక్కడే ఉంది.

ప్రసన్నకు అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు.

"నువ్వే నాయనా. పొద్దున."

"పొద్దున చేసింది ఇప్పుడు రావడమేంది?"

"దాన్ని తీసుకునేది చచ్చిపోయుండాది. నీ కాల్ వరసలోనే నిలబడుండాది. నేను... నేనే లేపినాను."

రాములమ్మ మేకపిల్లను ఒళ్ళోకి తీసుకుని, కూతురి వంక చూసింది.

పెద్దయ్య ఆ తీగల వంక చూశాడు. పొద్దున తను ఎన్నిసార్లు నొక్కాడో అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"ఇంకా ఉండాయా అమ్మా, నావి?"

"ఉండాయి నాయనా."

మెయిన్ తీసేసే ఉంది. అయినా ఆయన ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ గట్టు దిగిపోయాడు.