కరగని బిరడా

నిప్పు రాజేయక ముందే లాంచి డ్రైవరు జ్ఞానప్రకాశం రెండు బిరడాలనూ చెరో అరచేతిలో పెట్టుకుని చూశాడు. రెండింటికీ ఇత్తడి ఒళ్ళే, చుట్టూ బిగించే మరచుట్లే. మధ్యలో బెజ్జం, ఆ బెజ్జం నిండా కరిగించి పోసిన పోత. లాంచి బాయిలర్లో నిప్పుగూడు నెత్తిన బిగించే సరుకు అది. పైన నీళ్ళున్నంతసేపూ బెజ్జంలోని సీసం చల్లగా ఉంటుంది. నీళ్ళు అడుగంటితే కరిగి కారిపోతుంది. ఆ దారిన ఆవిరి కిందికి దూకి నిప్పును ఆర్పేస్తుంది. నీళ్ళు లేని బాయిలర్ పేలకుండా అడ్డుపడేది ఆ కాస్త సీసమే.

పాత బిరడా కొన్నాళ్ళుగా చెమర్చుతోంది. నిప్పు మీద చుక్కలు పడి చుయ్యిమంటున్నాయి. ఇంకొకటి తెప్పించాలంటే రాజమహేంద్రవరం కబురు పెట్టి కూర్చోవాలి. అందుకని దగ్గరున్న ఖాళీ బిరడా ఒంటిని కడియంలో కంచరి వీరబ్రహ్మానికి ఇచ్చి, సీసం పోసిపెట్టమన్నాడు. ఆయన చేయి తిరిగిన మనిషి. కడియం చుట్టుపక్కల ఏ ఇంట్లో కంచం మోగినా అది ఆయన చేతిలో పుట్టిందే. పోసి తెచ్చింది చూస్తే తెల్లగా, నున్నగా ఉంది. పోత ఎక్కడ మొదలైందో, ఇత్తడి ఎక్కడ ఆగిందో వేలికి తెలియడం లేదు. పాతదాని అంచున పచ్చటి చిలుము, నల్లటి చెమ్మ. జ్ఞానప్రకాశం రెండోసారి ఆలోచించలేదు. కొత్తదాన్ని బిగించి నిప్పు రాజేయించాడు.

సామర్లకోటకు రైలు వచ్చిన కొత్త రోజులవి. రైలు ఎక్కడానికి జంకేవాళ్ళు, మూటాముల్లే ఎక్కువగా ఉన్నవాళ్ళు ఇంకా కాలవ దారినే పోతున్నారు. ఆవిరి లాంచి ముందు నడిస్తే, దాని వెనక తాడు కట్టిన పెద్ద పడవలో జనం. శ్రావణం. గోదావరి పొంగి కాలవంతా ఎర్రటి బురదనీరు. ఆ నీళ్ళే పట్టి బాయిలర్లో పోయాలి.

వీరబ్రహ్మం కూడా ఆ పూటే ప్రయాణమయ్యాడు. కూతురు లోవలక్ష్మి పురుడు పోసుకుని, పసిబిడ్డతో సామర్లకోట అత్తవారింటికి పోతోంది. వెనక పడవ కప్పు కురుస్తోందని జ్ఞానప్రకాశమే వాళ్ళను లాంచిలోకి పిలిచాడు. చేసిన పనికి ఆమాత్రం మర్యాద చేయాలనుకున్నాడు. బాయిలర్ చుట్టూ కట్టిన చెక్క తడిక వెచ్చగా ఉంది. లోవలక్ష్మి దానికి ఆనుకుని కూర్చుని, బిడ్డను పాతచీర మడతల్లో పడుకోబెట్టింది. ఆ వెచ్చదనానికి బిడ్డ వెంటనే నిద్రపోయింది.

బిక్కవోలు దాటాక జ్ఞానప్రకాశం చూపు నీటిమట్టం చూపే గాజు గొట్టం మీద పడింది. సగానికి ఉన్నాయి నీళ్ళు. ఉండవలసినంతే. అయినా ఏదో తేడాగా ఉంది. ఇంజను కొట్టుకుంటుంటే ఆ నీళ్ళు ఎప్పుడూ జలజలా వణుకుతూ ఉంటాయి. ఇప్పుడు కదలడం లేదు. గ్లాసులో పోసి బల్ల మీద పెట్టినట్టు నిలిచి ఉన్నాయి.

నీళ్ళెప్పుడు పట్టావని ఫైర్‌మన్ పెద్దిరాజును అడిగాడు. నీళ్ళు పీల్చే గొట్టానికి నాచూ బురదా అడ్డుపడ్డాయనీ, చాలాసేపటి నుంచీ దాన్నే బాగుచేస్తున్నాననీ, గాజులో సగం కనబడుతోంది కదా, తొందరేముందనీ అన్నాడు పెద్దిరాజు.

జ్ఞానప్రకాశం బాయిలర్ మూతికున్న పరీక్ష కుళాయిలు తిప్పాడు. పైది తిప్పితే ఆవిరి. మధ్యది తిప్పినా ఆవిరే. కిందిదానిలో నీళ్ళు రావాలి. అదీ పొడిగా బుసకొట్టింది. చెయ్యి అడ్డుపెట్టి చూశాడు. తడి లేదు. గాజు గొట్టం అడుగున బురద బిగుసుకుపోయింది. అందులో కనబడుతున్నవి పొద్దుటి నీళ్ళు.

కుళాయి కట్టేశాడు. వెంటనే బిరడా గుర్తొచ్చింది. నీళ్ళు మరీ దిగితే సీసం కరుగుతుంది, నిప్పు ఆరుతుంది, ప్రయాణం ఆగుతుంది, అంతే కదా అనుకున్నాడు. ఆయన మొహం చూసి వీరబ్రహ్మం ఏంటి సంగతని అడిగాడు. నీళ్ళు తగ్గాయనీ, భయం లేదనీ, మీ సీసమే చూసుకుంటుందనీ చెప్పాడు జ్ఞానప్రకాశం.

వీరబ్రహ్మం నవ్వాడు. "సీసమేంటండీ డ్రైవరుగారూ. నా కొలిమిలోకి సీసం రానిస్తానా?"

జ్ఞానప్రకాశం ఆయన వైపు తిరిగాడు.

"మా ఇళ్ళల్లో మూసలో సీసం ఒక్కసారి కరిగిందంటే ఇంక ఆ ఇంటి గిన్నెలో అన్నం ఎవరూ వండుకోరండి. సీసం కలిపాడన్న మాట పడితే కంచరివాడు బతికీ చచ్చినట్టే. మీతో ఆ మాట అంటే పని ఇంకోడికి ఇచ్చేస్తారని ఊరుకున్నాను. అయినా ఇంత పెద్ద మరకి అంత మెత్తటి సరుకేంటండి, గోరు దిగిపోయేది? మేలిరకం కంచు పోశాను. మీ కంటికి తెల్లగా ఆనాలని పైన కళాయి పెట్టాను. ఇంక మీ జన్మలో చెమర్చదు, కరగదు."

బహుమానం ఇస్తున్నవాడిలా చెప్పాడు ఆ మాట.

జ్ఞానప్రకాశం చెవుల్లో ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా పోయింది. తడిక అవతల, బిడ్డ తలకు జానెడు దూరంలో, నీళ్ళు లేని ఇనుము కాగుతోంది. చేయకూడనివన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చల్లనీళ్ళు పోయకూడదు, కాలిన నిప్పుగూటి పైరేకు మీద పడ్డాయంటే ఆ క్షణమే పేలుతుంది. ఆవిరి వదలకూడదు. కూత కూయకూడదు. ఇంజను ఆపకూడదు. లోపల మిగిలిన కాసిని నీళ్ళు ఉలిక్కిపడి ఆ రేకు మీదికి ఎగిరినా అంతే. ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, నిప్పును మాత్రం ఊపిరాడకుండా చంపాలి.

అప్పుడే పెద్దిరాజు గొట్టం బాగైందన్న సంతోషంలో నీటి కుళాయి మీద చెయ్యి వేశాడు.

"పెద్దిరాజూ. చెయ్యి తియ్యి."

గొంతు పెంచకుండానే అన్నాడు. అయినా పెద్దిరాజు నిప్పు తగిలినట్టు చెయ్యి తీశాడు.

తరవాతి పనులన్నీ నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు జరిగాయి. వెనక పడవ తాడు విప్పేయించాడు. అది మెల్లగా వెనకబడింది. చుక్కాని పట్టే సరంగు ముసలయ్య దగ్గరికి పోయి, లాంచి ముక్కును కుదుపు లేకుండా గట్టు బురదలోకి దించమన్నాడు. ముసలయ్య ఆయన కళ్ళలోకి చూసి, ఎందుకని అడగలేదు. ముక్కు మెత్తగా బురదలో దిగింది. వెనక రెక్క మాత్రం తిరుగుతూనే ఉంది, ఎర్రనీళ్ళను చిలుకుతూ.

"వీరబ్రహ్మంగారూ, అమ్మాయిని లేవదీయండి. గట్టు దిగి చేలోకి పోండి. పరుగెత్తొద్దు. గెంతొద్దు."

"ఎందుకండీ?"

"మీ కంచు కరగదు కాబట్టి."

వీరబ్రహ్మానికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తడికనే చూస్తూ నిలబడిపోయాడు. లోవలక్ష్మే బిడ్డను గుండెకు అదుముకుని, ఇంకో చేత్తో తండ్రి రెక్క పట్టుకుని, గట్టుకు వేసిన బల్ల మీదుగా దిగింది. బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. వానలో ఆ ఏడుపు దూరమవుతుంటే జ్ఞానప్రకాశం చెవి దాని వెంటే పోయింది. ఇంకా దగ్గరగానే ఉంది. ఇంకా.

పెద్దిరాజు ఈలోగా తట్టలో బూడిద తడిపి సిద్ధం చేశాడు. జ్ఞానప్రకాశం నిప్పుగూటి తలుపు తీశాడు. పైకప్పు రేకు మందారం రంగులో ఉంది. కడుపుతో ఉన్న గొర్రె పొట్టలా కిందికి దిగింది. దాని నడిమధ్య బిరడా. కళాయి ఎప్పుడో కారిపోయింది. పచ్చటి కంచు కన్ను చెక్కు చెదరకుండా ఆయన్నే చూస్తోంది.

పెద్దిరాజును పొమ్మన్నాడు. వాడు కదలలేదు.

"నేనొక్కణ్ణే ఇంటికి పోతే, వీరమ్మగారికి ఈ కబురు నేను చెప్పాలండి. అంతకంటే ఇక్కడే నయం."

వీరమ్మ జ్ఞానప్రకాశం భార్య. ఆవిడ నోటికి పెద్దిరాజు ఎప్పుడూ జంకుతాడు. నవ్వే వేళ కాదు. జ్ఞానప్రకాశం పార అందుకున్నాడు. తడిబూడిద పార మీదికి ఎత్తి, చంటిబిడ్డకు దుప్పటి కప్పినట్టు నిప్పు మీద పరిచాడు. ఒక మూల కప్పాక ఇంకో మూల. ప్రతి పారకీ రేకు టిక్కుమంటోంది. టిక్కుమన్నప్పుడల్లా ఇద్దరూ కళ్ళు మూసుకుంటున్నారు. తెరిచాక ఒకరినొకరు చూసుకుంటున్నారు. ప్రార్థన మొదలుపెట్టబోతే మొదటి మాట గుర్తు రాలేదు జ్ఞానప్రకాశానికి. 'తండ్రీ' అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. అదే మళ్ళీ మళ్ళీ అన్నాడు.

మందారం ముదిరి నల్లబడింది. ఇంజను దగ్గింది, సాగదీసింది. రెక్క ఒకసారి తిరిగి, ఇంకోసారి తిరగబోయి ఆగింది. వాన చప్పుడు వినబడింది.

చీకటి పడకముందే వీరబ్రహ్మం ఒక్కడే తిరిగొచ్చాడు. చల్లారిన నిప్పుగూటిలోకి వంగి చాలాసేపు చూశాడు. చెయ్యి లోపలికి చాచి, దిగబడిన రేకును తడిమాడు. తరవాత తడిక దగ్గరికి వెళ్ళి, పాతచీర ఇంకా పరిచి ఉన్న చోటునీ, బాయిలర్నీ మార్చి మార్చి చూశాడు. ఆ చీరను మాత్రం తీయలేకపోయాడు. పెద్దిరాజు తీసి ఇచ్చాడు.

గట్టున దిగిన జనం మళ్ళీ వెనక పడవలోకి ఎక్కారు గాని, లాంచిని తమ ముందు కట్టనివ్వలేదు. ఆవిరి లేని లాంచిని ఇంక మనుషులే లాగాలి. గట్టు వెంట తాడు భుజానికి వేసుకుని పడవ లాగేవాళ్ళను మేడపాడు నుంచి పిలిపించారు. వాళ్ళతోపాటు వీరబ్రహ్మం కూడా వచ్చి తాడు భుజాన వేసుకున్నాడు. మీకెందుకండీ అని ఎవరో అంటే వినిపించుకోలేదు. చుక్కాని దగ్గర కూర్చోవలసిన ముసలయ్య లాంచి ఎక్కనన్నాడు. గట్టునే నడుస్తూ గెడతో దాని ముక్కును కాలవలోకి నెడుతూ వచ్చాడు. జ్ఞానప్రకాశం కూడా ఎక్కలేదు. వీరబ్రహ్మం వెనక చేరి తాడు అందుకున్నాడు.

బాయిలర్ చల్లబడిందని అందరికీ తెలుసు. చేత్తో తాకి చూసినవాళ్ళే. అయినా లాగేవాళ్ళలో ఒక్కరూ దానికి దగ్గరగా నడవలేదు. తాడు ఎంత పొడుగుంటే అంత పొడుగూ వదిలి, ఆ చివరనే నడిచారు.