ఓనరుగారికి ఫోను

తెల్ల కారుకి నల్ల ఇనప చక్రాలుంటే జగ్గయ్యపేటలో దాన్ని కారు అనరు, సర్వీసు బండి అనుకుని ‘నందిగామా?’ అంటారు. ప్రేమానందం మాస్టారు పొద్దున్నే నందిగామలో బడికి బయల్దేరి, హైవే ఎక్కే మలుపులో కాస్త నెమ్మది చేశాడా, అయిపోయింది. ఒకడు చెయ్యెత్తుతాడు, ఇంకొకడు డిక్కీ తట్టి మూట పెట్టుకోమంటాడు. మొన్నటికి మొన్న ఒక పెద్దావిడ ఏకంగా వెనక సీట్లో కూర్చుని, నందిగామలో దిగి, చిల్లర లేదని రెండు జామకాయలు చేతిలో పెట్టి పోయింది. నంబరు ప్లేటు తెల్లగా ఉంది, అది సొంత కారు అని ఎవరు చూడొచ్చారు?

చక్రాలకి ప్లాస్టిక్ కప్పులు ఉండేవి. సిమెంటు లారీలు తవ్విన గుంతల్లో రెండు రాలిపోయాయి. మిగిలిన రెంటినీ సమానత్వం కోసం ఆయనే పీకేశాడు. సోషల్ మాస్టారు మరి.

నవ్వుకుని ఊరుకోవచ్చు. ప్రేమానందం ఊరుకోలేడు. వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు పరాయివాళ్ళ ట్రాక్టరు తోలాడు. దారిలో ఎవరు ఆపినా ముందు అడిగే మాట ‘ఎవరి ట్రాక్టరురా?’ అనే. పక్కన కూర్చున్న కొడుక్కి ఆ మాట ముల్లులా దిగింది. బీఈడీ చేసి, ఉద్యోగం తెచ్చుకుని, యాభై రెండో ఏట కారు కొన్నది ఆ మాట వినకుండా బతకడానికే. తీరా చూస్తే కారొచ్చింది గానీ ఆ మాట పోలేదు.

అందుకని తళతళలాడే అల్లాయ్ చక్రాలు వేయించాలని తీర్మానించాడు. అవి ఉన్న కారుకి ఎవడూ చెయ్యెత్తడు. చిక్కల్లా ఒకటే. టైర్లు కూడా అరిగిపోయాయి, చేతిలో ఉన్న డబ్బు రెండింటిలో ఒకదానికే వస్తుంది.

భార్య పున్నమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. కారు లోను ఆవిడ జీతం మీదే తీశారు, బండి కాగితాలూ ఆవిడ పేరునే ఉన్నాయి. టిఫిను పెడుతూ తేల్చి చెప్పేసింది.

"కాళ్ళకి చెప్పుల్లేవు గానీ పట్టీలు కావాలంట. ముందు టైర్లు మార్పించండి."

"చూద్దాంలే" అన్నాడాయన. మొగుడు ‘చూద్దాంలే’ అన్నాడంటే అప్పటికే చూసేశాడని అర్థం.

ఆ సాయంత్రం బడి వదలగానే తిన్నగా నందిగామలో టైర్ల షాపుకి పోయాడు. షాపు యజమాని భవానీప్రసాద్ ముప్ఫై ఏళ్ళవాడు, మాట ధారాళం. టైరు మీద అరచెయ్యి రాసి, తర్వాత ప్రేమానందాన్ని ఎగాదిగా చూశాడు. బడిలో మొక్కలకి నీళ్ళు పెట్టి వచ్చాడేమో, మాస్టారి ప్యాంటు ఇంకా మోకాళ్ళ దాకా మడిచే ఉంది.

"టైర్లు చూస్తే గుండు కొట్టించినట్టున్నాయి, అల్లాయ్‌లంటావేంది బాబాయ్? మీ ఓనరు చెప్పాడా, నువ్వే వేయిస్తున్నావా?"

ప్రేమానందానికి ఒళ్ళు మండింది. ‘ఓనర్ని నేనేరా’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఇరవయ్యేడేళ్ళుగా పిల్లలకి అబద్ధం ఆడొద్దని చెప్పిన నోరది. కాగితాల్లో ఓనరు తను కాదు.

"ఒకసారి ఫోన్ కొట్టు బాబాయ్. రేపు మాటొస్తే ఇద్దరికీ వస్తది."

తనెవరో వీడికి ఆవిడే చెబుతుందిలే అనుకుని, పున్నమ్మ నంబరు నొక్కి ఫోను వాడి చేతికిచ్చాడు. వాడు స్పీకరు పెట్టి, ఆడగొంతు వినగానే అందుకున్నాడు.

"మేడం, నమస్తే అండి. నందిగామ టైర్ల షాపు నుంచి. మీ కారు మా దగ్గరికొచ్చిందండి. అల్లాయ్‌లు వేయమంటున్నాడు, మీరు చెప్పారా అండి?"

"నేను చెప్పలా. టైర్లు ఎట్టా ఉన్నాయి?"

"వాన పడితే బండి ఆగదండి."

అవతల వార్డులో ఎవరో దగ్గుతున్నారు.

"అయితే అల్లాయ్‌లు వద్దు. నాలుగు టైర్లూ మంచివి చూసి వెయ్యి నాయనా. ఆ లారీల మధ్యన రోజూ పోయి రావాలి ఆ మనిషి. ఇంటికొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. చక్రాలు ఎట్టా ఉంటే ఏంది, ఆ మనిషి బాగుంటే చాలు."

ఫోను పెట్టేసింది. ప్రేమానందం కారు వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ ఈ మాట ఆయనతో అనలేదు. టైర్లవాడితో అంది.

భవానీప్రసాద్ కూడా కదిలిపోయాడు.

"డ్రైవరు కోసం ఇంత ఇదయ్యే ఓనర్ని నేను చూళ్ళేదు బాబాయ్. ఎన్నాళ్ళయింది ఆవిడ దగ్గర చేరి?"

"ఇరవయ్యారేళ్ళు."

"జీతం బాగానే ఇస్తదా?"

"నా జీతం కూడా ఆవిడే తీసుకుంటది."

వాడు పానా పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. "అయినా సరే, అట్టాంటి చోటు మానేయమాకు" అన్నాడు.

"మానేదానికి లేదయ్యా" అన్నాడు ప్రేమానందం, ఆ పూటకి మొదటిసారి నవ్వుతూ. "పాస్టరుగారి ముందు ఉంగరం తొడిగించుకుని మరీ చేరా. టైర్లు వెయ్యి."