కిటికీ పక్క మనిషి

బొమ్మలకి చట్రాలు బిగించే చట్రాలాయన జిగురు డబ్బా మూత తీస్తూ మూతి ముడిచాడు. జిగురు వాసనకి ఆయన ఎన్నడో అలవాటు పడ్డాడు. ఈ కంపు వేరే. ముందుగదిలో, చిత్రకారులు వేసిన బొమ్మలు అమ్మే ఆ కొట్టు యజమాని ఫోనులో ఎవరినో సోఫా రంగు అడుగుతున్నాడు.

"లేత బూడిద రంగా? అయితే నీలం బొమ్మ పెడదాం మేడం. గోడ కొలతలు పంపండి చాలు."

ఒకప్పుడు కొనేవాళ్లు కొట్టుకొచ్చి, బొమ్మ ముందు నిలబడి, వెళ్లిపోయి, మళ్లీ భార్యనో తమ్ముణ్ణో వెంటబెట్టుకొచ్చేవారు. ఇప్పుడు ఫోనుమీద వేలితో తోసేస్తూ కొంటున్నారు. ఇళ్లూ ఇరుకు, గోడలూ ఇరుకు. అందుకని యజమాని పెద్ద బొమ్మల్ని కోయించి చిన్నవి చేయిస్తున్నాడు. కోసేది చట్రాలాయనే. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లయిన ఏడాది ఈ కొట్టులో చేరాడు. ఇప్పుడు మనవరాలు బడికి వెళుతోంది. కోసిన రోజల్లా చేతులు సబ్బుతో రుద్దుకుని ఇంటికి వెళతాడు.

ఈరోజు బల్లమీద పరిచింది ఎదురుగోడ మీది బొమ్మ. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడమనిషి, కిటికీలో పూలకుండీ. ఆమె ఆ బొమ్మ వేసిన ముసలి చిత్రకారుడి భార్య, పోయి చాలాకాలమైంది. చట్రాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లే రోజుల్లో, ఈయన చొక్కా నిండా జిగురు మరకలు చూసి నవ్వి, బొమ్మలు వేయగా మిగిలిన కాన్వాసు గుడ్డతో ఏప్రన్ కుట్టిచ్చింది. అదే ఇప్పటికీ ఆయన ఒంటిమీద ఉంది.

"కోసేముందు బొమ్మ వేసినాయన్ని ఒక్కమాట అడగండి బాబూ," అన్నాడు చట్రాలాయన పొద్దున్నే. యజమానికి అడ్డు చెప్పడం అదే మొదలు.

యజమాని తేలిగ్గా ఒప్పుకుని కబురుపెట్టాడు. ముక్కలమీద సంతకాలు ఎలాగూ కావాలి. ముసలాయన వచ్చి కర్రెత్తి ఇద్దర్నీ చెడామడా తిడతాడని చట్రాలాయన గట్టిగా నమ్మాడు. తిట్లకోసం అంత ఆశగా ఎదురుచూసిన మనిషి ఇంకెక్కడా ఉండడు.

ముసలాయన మధ్యాహ్నం వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని బొమ్మమీదికి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత సుద్దముక్క అందుకున్నాడు.

"పూలకుండీ ఒకటి, మిషను ఒకటి వస్తాయి. ముక్కూమొహం తెలీని మనిషి బొమ్మ ఎవరు పెట్టుకుంటారయ్యా ఇంట్లో? అది తీసెయ్," అంటూ భార్య మెడకింద గీత గీశాడు.

యజమాని ఆయన్ని కాలం తెలిసినవాడని మెచ్చుకున్నాడు.

చట్రాలాయన కోశాడు. గీత ఎక్కడా తప్పలేదు, అన్నిటికన్నా అదే ఆయనకి రోత పుట్టించింది. ముఖమున్న ముక్క చెత్తబుట్టలోకి జారింది. ముసలాయన సంతకాల తడి ఊదుకుంటూ, ఇవి బాగా పోతే ఇంట్లో ఇంకా పెద్దవి ఉన్నాయని చెబుతున్నాడు.

చట్రాలాయన కత్తి బల్లమీద పెట్టి ఏప్రన్ ముడి విప్పాడు. ఆమె కుట్టిన గుడ్డ ఇంక ఒంటిమీద ఉంచుకోబుద్ధి కాలేదు.

"ఎక్కడికయ్యా? చట్రాలు బిగించొద్దూ?" అన్నాడు యజమాని.

"ఇంక నావల్ల కాదు బాబూ. అసహ్యంగా ఉంది."

"ఎవరిమీద?"

"నన్ను కూడా కలుపుకునే అంటున్నాను."

గొంతు పెంచకుండానే ఆ మాట అని, చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగిపోయాడు. టీకి వెళ్లాడనుకుని యజమాని మళ్లీ ఫోనందుకున్నాడు. పెద్ద బొమ్మ దించిన చోట గోడ తెల్లగా ఉంది. పైన మేకుకి ఏప్రన్ వేలాడుతోంది. జిగురు మరకల మధ్య, జేబు అంచున ఆమె వేసిన ఎర్రదారం కుట్టు ఒక్కటీ ఊడలేదు.