పరాయి గేరుబాక్సు

చైత్రమాసపు రెండవ పక్షమున ఉద్దానసీమయందు జీడిమామిడిపండ్లు రాలి ఇసుకనేలలపై ఎఱ్ఱగాను పచ్చగాను పరచుకొనియుండ వాని పులిసిన తీపివాసన సముద్రపుగాలితో గలిసి ఊరూరను వ్యాపించుచుండెను. పనసచెట్లు మొదళ్లనుండి కొమ్మలదాక కాయలను చంకబిడ్డలవలె మోయుచుండెను. కొబ్బరితోపుల నీడలు ఉదయమున పడమటికి సాగి మధ్యాహ్నమగుసరికి కాండముల మొదళ్లయొద్దకు ముడుచుకొనుచుండెను. కన్నులకింత పచ్చగా గానవచ్చు నా సీమలో వీధికిద్దఱు ముగ్గురు మూత్రపిండముల వ్యాధిచే కృశించుచున్నారను మాటను తొలిసారి వచ్చిన పరదేశి నమ్మజాలడు.

ఆ సీమలోని పెదతోటపాలెమునుండి పట్టణపు టాసుపత్రికి ముప్పది కిలోమీటర్ల దారి. సోమ బుధ శుక్రవారములయందు తొమ్మండ్రు రోగులను రక్తశుద్ధికై ఉదయమున గొనిపోయి సాయంకాలమునకు మరల వారి వారి వాకిళ్లయొద్ద దింపు వ్యాను ఒకటి గలదు. జనులు దానిని డయాలసిస్ బండి యందురు. తయారుచేసిన కర్మాగారమే మూతపడి పదేండ్లు దాటిన ముసలిబండి యది. రంగు వెలసి రేకులు తుప్పుపట్టి వెనుకతలుపు త్రాటితో గట్టబడియుండెను. అయినను ఏనాడును అది రాకుండుట యెఱుగని తొమ్మండ్రకు దాని హారనుమ్రోతయే సుప్రభాతము. పదునొకండేండ్లుగా దానిని నడుపుచున్నవాడు కూర్మారావు.

శుక్రవారము తిరుగుప్రయాణమున రైలుగేటు దాటి యెత్తెక్కుచుండగా బండి యడుగున నేదో విఱిగినట్లు పెద్ద చప్పుడై ఇంజను తిరుగుచున్నను చక్రములు కదలవయ్యెను. రోగులను ఆటోలలో ఇండ్లకు బంపి బండిని ఒక రైతు ట్రాక్టరునకు గొలుసుతో గట్టి రహదారిప్రక్కనున్న లోకనాథుని షెడ్డునకు ఈడ్చుకొనివచ్చిరి. లోకనాథుడు నలువదియేండ్లవాడు. మితభాషి. చప్పుడును బట్టియే యంత్రపు జబ్బు చెప్పగల నేర్పరి. కూర్మారావు అతని యక్క ఊర్మిళకు భర్త. పడుచుప్రాయమున లోకనాథునిచేత మొట్టమొదట స్టీరింగు పట్టించినవాడును ఆ బావయే.

“సోమవారానికి అవుతాదేటిరా?” అని కూర్మారావు అడిగెను.

“ఈ బాక్సు ఇంకెక్కడా దొరకదు బావా. ఇంకోటేదన్నా అతుకుతాదేమో సూస్తాను.”

అతడు ఎఱిగిన పాతయినుము వర్తకులకెల్ల ఫోను చేసెను. ఎవ్వరియొద్దను అట్టి గేరుబాక్సు లేకుండెను. కడకు జీడిపిక్కల కార్ఖానా వెనుక క్రిందటి తుపానులో చెట్టు గూలి నుజ్జయిన సరకుబండి యొకటి యతనికి జ్ఞప్తికి వచ్చెను. దాని ముందుభాగము రూపుమాసినను గేరుబాక్సునకు దెబ్బ తగులలేదు. అది రోగులబండికని వినినంతనే యజమాని విప్పుకొనిపొమ్మనెను.

ఒక జాతిబండి గేరుబాక్సును మఱియొక జాతిబండికి బిగించుట బోల్టులు తిప్పినంత సుళువు కాదు. రెండింటి రంధ్రములు కలియవయ్యెను. లోకనాథుడు మందపు ఉక్కుపలకను కోయించి యొకప్రక్క ఇంజనునకును వేఱొకప్రక్క గేరుబాక్సునకును సరిపడ రెండువరుసల రంధ్రములు వేసెను. కొత్తది పాతదానికంటె నాలుగంగుళములు పొడవైనందున చక్రములకు శక్తిని జేర్చు షాఫ్టును లేతుయంత్రముమీద కోయించి కుదించి మరల అతికించెను. గేరుకఱ్ఱ జానెడు వెనుకకు బొడుచుకొనిరాగా బండి నేలరేకును గోసి దానికి దారి చేసెను. సోమవారమునకు కాకున్న తొమ్మండ్ర నెత్తురు విషమగునను తలంపు అతని వీపుపై చెర్నకోలవలె మ్రోగుచుండెను.

అయితే శనివారము పాతగేరుబాక్సు మూత విప్పినప్పుడే యతని మనస్సున మఱియొక కలత పుట్టెను. నూనె యడుగున వెండిపొడివలె ఇనుపరజను పేరుకొనియుండెను. విఱిగిన గేరుపండ్లు రెండే. మిగిలినవాని యంచులన్నియు నెవరో ఆకురాయితో రాచినట్లు అరిగి గుండ్రనై యుండెను. వయసుచే అరిగిన పండ్లు అట్లుండవు. క్లచ్చి సగము నొక్కి గేరు మార్చువాని చేతిలో మాసములకొలది ఒరసికొనిన పండ్లు అట్లుండును. క్లచ్చియే చెడినదేమోయని దానిని విప్పి చూచెను. దాని పలక దళముగనే యుండెను. బిగువు సడలలేదు. ఇది కొత్తగా నేర్చుకొనువాడు చేయు తప్పే గాని ముప్పదియేండ్లు లారీలను నడిపిన బావ చేయునది కాదు. అందుచే లోకనాథుడు చెడునూనెవలన నిట్లయ్యెనని తీర్మానించుకొనెను. ఇష్టము లేని నిజము ఎదుటబడినప్పుడు దానికి వేఱొక పేరు పెట్టి పంపివేయుట మనుష్యులకు అలవాటు.

ఆదివారము పొద్దు వాలునప్పటికి పని ముగిసెను. కూర్మారావు ఉతికిన ఖాకీచొక్కా తొడుగుకొని వచ్చి యెక్కి కూర్చుండి ఇంజను లేపెను. గేరుకఱ్ఱను త్రోయగా లోపలనుండి ఱంపముతో ఱాతిని గోసినట్లు కఠోరధ్వని వెలువడెను.

“కొత్త సరుకు గదా, మొరాయిస్తంది” అని యతడు నవ్వెను. ఆ నవ్వు ముఖమునంతయు జేరలేదు.

లోకనాథుడు బావను దింపి తానెక్కి ఒక్కొక్క గేరే వేసి చూచెను. నీటిలో చేయి ముంచినంత నిశ్శబ్దముగా నన్నియు బడెను. మరల బావను గూర్చుండబెట్టి తలుపు తెఱచియుంచి నేలపై గొంతుకూర్చుండి అతని పాదముల దెస జూచెను.

“మల్లీ ఎయ్యి బావా. ఈసారి అడుక్కంటా నొక్కు.”

“నొక్కినానురా.”

“నేదు. సగం కాడ ఆగిపోనాది.”

కూర్మారావు ఎడమకాలిని వెనుకకు దీసికొనెను. అతని కాళ్లకు రెండుసైజులు పెద్దవైన రబ్బరుచెప్పు లుండెను. ఎడమచెప్పు పట్టీ కత్తితో గోయబడియుండెను. లోకనాథుడు ఆ చెప్పు దీసి ప్యాంటును చీలమండపైకి ద్రోసెను. చీలమండ యనదగినది కానరాలేదు. పిక్కయు పాదమును ఒక్కటే కండయై నున్నగా మెఱయుచుండెను. అతడు బొటనవ్రేలితో మెల్లగా నొక్కి తీసెను. పడిన గుంట పూడలేదు. ఆ సీమలో ఆ గుంటకు అర్థము చెప్ప వైద్యుడక్కఱలేదు.

“ఎన్నాల్లయినాది?”

“ఆరు నెల్లు.”

“రగతం సూపించినావా?”

“సూపిస్తే ఏటవుతాది? రోగుల్లోన పేరు రాసేత్తారు. పేరు రాసినోడు బండి తోలకూడదంటారు. ఆ తొమ్మిదిమందినీ ఎవులు తీసుకెల్తారు? ఈ ముసలిబండిని నాను తప్ప ఎవులు ముట్టుకుంటారు?”

“బావా, ఎత్తులోన గేరు పడకపోతే బండి ఎనక్కి జారిపోతాది. ఆల్లందరూ అందులోనే ఉంటారు.”

“పదకొండేల్లలోన ఎప్పుడైనా జారినాదేటి?”

లోకనాథుడు చేయి చాచి ఇంజను ఆపి తాళముచెవి దీసి చొక్కాజేబులో వేసికొనెను. కూర్మారావు ముఖము నల్లబడెను.

“నీసేత స్టీరింగు పట్టించినోడిని నాను. నన్ను దింపేత్తావేటిరా?”

“దింపేత్తాను బావా. రేపు నాను తోల్తాను. నువ్వు ఎనకాల కూకుని ఆల్లతో పాటు ఆసుపత్రికి రా.”

కూర్మారావు దిగి కోసిన చెప్పును కాలికి దగిలించుకొని రహదారియంచున ఈడ్పునడకతో ఊరిదెసకు బోయెను. వెనుదిరిగి చూడలేదు. అతడు కనుమఱుగగుదాక నిలిచియున్న లోకనాథుని కోపముకంటె సిగ్గు ఎక్కువగా దహించెను. ఈ ఆఱుమాసములలో క్లచ్చి గట్టిగా నున్నదని బావ మూడుసారులు షెడ్డునకు వచ్చెను. మూడుసారులును కేబులునకు నూనె పోసి పంపినవాడు తానే. మెత్తగా నున్న క్లచ్చి బావ కాలికే యేల గట్టిపడెనో యొక్కసారియు నడుగలేదు. యంత్రపుచప్పుడు నంత దూరమునుండి యానవాలుపట్టు చెవికి చెంతనున్న మనుష్యుని యాయాసము వినబడలేదు.

సోమవారము తెలతెలవాఱుచుండగా లోకనాథుడు ఒక్కొక్క వాకిట హారను మ్రోయించి తొమ్మండ్రను ఎక్కించుకొనెను. కొత్తగేరుల స్థానములు పాతవానివలె లేనందున ప్రతిమలుపునను ఒక క్షణము తడబడుచునే నడపెను. బావ యేడని ఎవ్వరు నడుగలేదు. కడపట అక్కయింటి ముందు బండి నాపెను. ఊర్మిళ కన్నులు ఉబ్బి వాకిట నిలిచియుండెను.

“నిన్నటి నుంచి అన్నం ముట్టనేదు తమ్ముడా. ఇందాక నేచి కాలు సూపించినాడు. ఆరు నెల్లు నా కాడ దాసినాడు సూడు” అని ఆమె యింటిలోనికి జూచెను.

కూర్మారావు లోపలినుండి వచ్చెను. ఖాకీచొక్కాయే తొడిగియుండెను. తల దువ్వియుండెను. అలవాటుచొప్పున నడపువాని తలుపుయొద్దకు వచ్చి పిడిపై చేయి వైచి నిలిచెను. లోకనాథుడు స్టీరింగుపై చేతులుంచి ఎదుటి దారినే చూచుచు కూర్చుండెను. ఒక్క మాట పలికినను తన నిశ్చయము కరగునని యతడెఱుగును. కొంతసేపటికి పిడిమీది చేయి జారెను. కూర్మారావు బండిని చుట్టివచ్చి వెనుకతలుపు త్రాడు విప్పి లోపలికెక్కెను.

ఆ తొమ్మండ్రలో మోహినమ్మ యను వృద్ధ యుండెను. నాలుగేండ్లనుండి ఆ బండిలో బోవుచున్నది. ఆమె తన మూటను ఒడిలోనికి దీసికొని ప్రక్కకు జరిగెను.

“రా బాబూ, ఇలా కూకో. నీకోసం సోటు ఒగ్గి శానా నాల్లయినాది.”

ఆ మాట విని లోకనాథుడు తిరిగిచూచెను. “మీకు తెలుసేటమ్మా?”

“తెల్దేటి నాయినా? పొంగిన కాలు పొంగినోల్లకి తెల్దా? అందరం సూసినాం. సెప్తే బండాగిపోద్దని బయపడినాం.”

ఎవ్వరును కన్నులెత్తలేదు. చెప్పిన నొకని బ్రతుకు దెరువు పోవును. చెప్పకున్న తొమ్మండ్రు అతని వాచిన కాలిని నమ్ముకొని ఎత్తులెక్కవలెను. ఆఱుమాసములు వారు ఆ రెండింటి నడుమ నోరు మెదపక ప్రయాణము చేసిరి. అవసరము మంచివారి నోళ్లను సయితము మూయించును.

ఆసుపత్రిలో యువతియైన వైద్యురాలు రక్తపరీక్షకాగితమును రెండుసారులు చదివెను. నాలుగుమాసములక్రిందటనే వచ్చియుండినయెడల మందులతో కొంతకాలము గడచియుండునని చెప్పి బుధవారమునుండి రక్తశుద్ధి మొదలుపెట్టవలెననియు ఇక నది మానరాదనియు మెల్లగా దెలిపెను. కూర్మారావు తల యూపెను. తలుపువెలుపల బెంచీమీద కూర్చుండి తాను నిత్యము దింపివెళ్లు ఆ గదిలో వరుసగా నున్న మంచములను తొలిసారి చూచువానివలె చూచెను.

తొమ్మండ్రు యంత్రములకు దగిలింపబడియున్న నాలుగుగంటలును బావమఱదు లిరువురు కానుగచెట్టునీడ నాగియున్న బండిలో గూర్చుండిరి. ఒక కాకి బండికప్పుపై వ్రాలి నడచిపోయెను.

కడకు కూర్మారావే నోరు విప్పెను. “తిరిగొచ్చినప్పుడు ఆల్లకి తల తిరుగుతాది. గతుకుల్లోన బండి ఎగరకూడదు. మోహినమ్మకి ఎడమసెయ్యికి సూదులు పొడుస్తారు. ఆ పక్కన ఎవుల్నీ కూకోనీకు. దండాసికి వంతెన దిగినంక వాంతవుతాది. ఆడు సిగ్గుపడతాడు, ఆపమని అడగడు. నువ్వే ఆపీ.”

“నువ్వుంటావు కద బావా. ఎనకాల్నుంచి నువ్వే సెప్పు.”

“బుదవారం నుంచి నాకూ తల తిరుగుతాదిరా” అని కూర్మారావు పలికెను.

లోకనాథుడు బావ మోకాలిపై చేయి వైచెను. కూర్మారావు ఆ చేతిని త్రోయలేదు.

సాయంకాలము బండి తిరుగుముఖమయ్యెను. లోకనాథుడు మోహినమ్మ యెడమప్రక్క తన తుండుగుడ్డను మడిచిపెట్టి ఆ చోటు ఖాళీగా నుంచెను. వంతెన దిగగానే ఎవ్వరు నడుగకమునుపే బండిని ప్రక్కకు దీసి యాపెను. దండాసి యను ఆ బక్కపలుచని నడివయసువాడు త్వరత్వరగా దిగిపోయి కొంతసేపటికి మూతి తుడుచుకొనుచు మరల వచ్చెను. ఎక్కునప్పుడు లోకనాథుని భుజమును ఒక్కసారి తాకి పోయెను.

అటుపిమ్మట ఒక్కొక్కరే నిద్రలోనికి జాఱిరి. నెత్తురంతయు యంత్రములో దిరిగి వచ్చిన బడలిక వారిది. క్రిందటిరాత్రి కన్నుమూయని బడలిక కూర్మారావుది. అతని తల మెల్లమెల్లగా వ్రాలి మోహినమ్మ కుడిభుజమునకు జేరెను. ఆమె నిద్రలోనే భుజమును కొంచెము వంచెను. బండి మూడవగేరులో బోవుచుండెను. దారి చదునుగా నుండెను. నాలుగవగేరు వేయవచ్చును. వెనుకనుండి వచ్చు లారీలు హారనులు మ్రోయించి దాటిపోవుచుండెను. ఊరిలో తన యక్క దీపము వెలిగించి యెదురుచూచుచుండునని లోకనాథుడెఱుగును. ఆమెకు చెప్పవలసిన మాట యింకను నోటికి రాలేదని కూడ నెఱుగును. లోకనాథుడు గేరుకఱ్ఱపై చేయి యుంచి దానిని కదలింపక పదుగురి నిద్రను మోయుచు జీడితోపుల నడుమ మెల్లగా సాగెను.