చేతికందే ఎత్తు

తరగతిలో అందరూ ఆమెను పెద్దక్క అని పిలిచేవారు. మిగతావాళ్ళు బడి చదువు ముగించి నేరుగా వచ్చిన పిల్లలు. ఆమె మాత్రం పెళ్ళి చేసుకుని, కూతుర్ని బడిలో వేసి, వంటింటి అల్మారాలు చేసే దుకాణంలో కొన్నేళ్ళు కొలతలు తీసి బొమ్మలు గీసి, ఆ తర్వాత క్రైస్తవ విశ్వవిద్యాలయంలో ఇంటీరియర్ డిజైన్‌లో చేరింది. దుకాణం పని మానే వీలు లేకపోయింది. పొద్దున్నే అక్కడ, ఆ తర్వాత క్లాసులు, సాయంత్రం ఇల్లు. భర్త దూరప్రయాణాల బస్సు డ్రైవరు. ఇంట్లో కనబడితే చుట్టం వచ్చినట్టే.

“గోడకి ఏ రంగేయాలో చెప్పడానికి ఇన్నేళ్ళ చదువా?” అనేది అత్తగారు, కోడలి డబ్బాలో అన్నం సర్దుతూ. “మనింట్లో సున్నం పెచ్చులూడుతోంది. ముందు దాని సంగతి చూడవే.”

“చదువయ్యాక చూస్తా అత్తయ్యా.”

“అప్పటికి గోడే ఉండదు.”

క్లాసులు ప్రార్థనతో మొదలయ్యేవి. తల వంచి, కళ్ళు మూసుకుని, అందరికంటే ఆలస్యంగా తలెత్తే పెద్దక్కను చూసి కొత్త పిల్లలు ఎంత భక్తో అనుకునేవారు. పక్కన కూర్చునే అమ్మాయికి మాత్రం అసలు సంగతి తెలుసు. ఆమెన్ దగ్గర మోచేత్తో పొడిచి లేపేది.

ఆ ఏడు, డిజైన్లు గీయించే స్టూడియో క్లాసు మేడమ్ పిల్లలకు ఒక కొత్త పని అప్పగించింది. లైబ్రరీ వెనక, రిటైరైన సిస్టర్లు ఉండే పాత భవనం ఉంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో సిస్టర్. ఆమెతో మాట్లాడి, ఆమె గదిని ఆమెకు తగ్గట్టు మార్చి చూపించాలి. నచ్చిన వాటిని నిజంగానే చేయిస్తామని మఠం పెద్ద, అందరూ మదర్ అని పిలిచే ఆవిడ, మాటిచ్చింది.

పెద్దక్క వంతుకు వ్యాకరణం సిస్టర్ వచ్చింది. ఒకప్పుడు అక్కడే భాష చెప్పిన మనిషి. సన్నగా, నిటారుగా ఉండేది. గదిలో ఒక ఇనప మంచం, చెక్క బీరువా, బల్ల, మంచానికెదురుగా గోడ మీద ఎత్తున ఒక సిలువ.

“మీకు గది ఎలా ఉంటే బావుంటుంది సిస్టర్?” అని అడిగింది పెద్దక్క, టేపు చుట్టేస్తూ.

“ఇంతవరకు నన్నెవరూ అడగలేదమ్మా. ఏ గదిస్తే ఆ గదిలో ఉన్నాను. జవాబు సిద్ధంగా లేదు. మళ్ళీ రా.”

మళ్ళీ వెళ్ళినప్పుడు పెద్దక్క రంగులు వేసిన బొమ్మ తీసుకెళ్ళింది. లేత రంగు గోడలు, కిటికీ కింద కూర్చునే గట్టు, పుస్తకాలకు అర. సిస్టర్ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, నింపాదిగా చూసి, “శుభ్రంగా గీశావు. కిటికీ దగ్గర మరీ బావుంది” అంది.

కాగితం తలకిందులుగా ఉంది.

పెద్దక్క ఏమీ అనకుండా కాగితాన్ని మెల్లగా తీసుకుని చుట్టబోయింది. ఆ మౌనాన్ని సిస్టర్ పట్టేసింది.

“తిరగేసి పట్టుకున్నానా?”

“అవును సిస్టర్.”

“తలుపేసిరా.”

తలుపేసి వచ్చాక ఆమె చెప్పింది. కిటికీ ఉన్నవైపు వెలుతురు, తలుపు ఉన్నవైపు చీకటి, అంతవరకే తెలుస్తుంది. మనుషుల్ని అడుగుల చప్పుడుతో గుర్తుపడుతుంది. ప్రార్థన పుస్తకం అంతా నోటికొచ్చు కాబట్టి పేజీలు తిప్పుతూ ఉంటే సరిపోతుంది. కళ్ళు పోయాయని తెలిస్తే మాత్రం వేరే ఊళ్ళో, జబ్బు చేసిన సిస్టర్లను ఉంచే ఇంటికి పంపేస్తారు.

“అక్కడ బాగా చూసుకుంటారు, కాదనను. కానీ అక్కడ మందుల బండి చప్పుడు తప్ప ఇంకోటి వినబడదు. ఇక్కడైతే కిటికీ కింద మీ పిల్లలు పోట్లాడుకుంటూ పోతారు. ఎవరికి ఎవరితో చెడిందో నాకు తెలిసినంత మీ మేడమ్‌కి కూడా తెలీదు.” ఆగి, గొంతు తగ్గించింది. “ఎవరికీ చెప్పకు.”

“చెప్పను.”

అప్పుడు సిస్టర్ మొదటిసారి తనకేం కావాలో అడిగింది. “ఆ సిలువ. ఎదురుగా ఉందని తెలుసు, కనబడదు. కనబడేచోట లేకపోయినా పర్లేదు, అందేచోట ఉంటే చాలు.”

ఇంటికెళ్ళే బస్సులో కడ్డీకి వేలాడుతూ, కూర చేయాలా అత్తగారు చేసేసి ఉంటుందా అన్న ఆలోచన మధ్యలో పెద్దక్క గదిని మళ్ళీ మొదటినుంచి ఊహించుకుంది. రంగులు పోయాయి. కిటికీ గట్టు పోయింది, మోకాలికి తగులుతుంది. మంచం దగ్గర్నుంచి బీరువా మీదుగా తలుపు దాకా గోడ పొడుగునా, నడుం ఎత్తున ఒక చెక్క పట్టీ. చెయ్యి ఆనించి నడవొచ్చు. చూసేవాళ్ళకు అలంకారంలా ఉంటుంది. బీరువా దగ్గర పట్టీకి ఒక గాడి, బల్ల దగ్గర ఇంకోలాంటి గాడి, వేలు తగిలితే ఎక్కడున్నదీ తెలుస్తుంది. బల్ల మూలలు గుండ్రం. తెల్లగోడలో ద్వారబంధానికి ముదురు రంగు, ఉన్న కాస్త చూపుకైనా ఆనుతుందని. సిలువ మంచం పక్కన, పడుకుని చెయ్యి చాపితే అందే ఎత్తులో.

పొద్దున దుకాణం తెరవకముందే వెళ్ళి, అక్కడ మిగిలిన చెక్కముక్కలతో మోడల్ చేసింది. జిగురు ఆరేలోగా ఒక వంటింటి కొలతలు గీసిచ్చింది. ఆ వంటింట్లో స్టవ్ ఉండాల్సిన చోట ఫ్రిజ్ గీసిందని యజమాని రెండ్రోజులు నవ్వాడు.

చూపించే రోజు వచ్చింది. బల్ల వెనక స్టూడియో మేడమ్, బయటినుంచి పిలిపించిన ఆర్కిటెక్టు, చివర్న మదర్.

“ఈ పట్టీ ఎందుకు?” అన్నాడు ఆర్కిటెక్టు. “పెద్దవాళ్ళకి ఆసరా అయితే బాత్రూంలో చాలు కదా. గదంతా ఎందుకు? ఈ గాడులేంటి?”

“అలంకారం సార్.”

“తలుపు చుట్టూ ఇంత ముదురు రంగు?”

మదర్ ముందుకు వంగి మోడల్‌లోకి చూసింది. “సిలువని ఇంత కిందికి దించేశావేం? పక్కబట్టలు తగిలే చోటు అది.” ఆవిడ కేకలేయలేదు కానీ మొహం బిగుసుకుంది.

స్టూడియో మేడమ్ కాపాడబోయింది. “ప్రతి గీతకీ ఒక కారణం ఉండాలని చెప్పాను కదమ్మా. నువ్వు కారణం లేకుండా గీసేదానివి కాదు. ఆ సిస్టర్ అవసరం ఏంటో చెప్పు, చాలు.”

ఒక్క మాట. ఆ మాట పెద్దక్క నాలిక చివరే ఉంది. అది చెబితే గాడి, రంగు, సిలువ అన్నీ వాటంతటవే అర్థమైపోతాయి.

“నాకలా బావుందనిపించింది మేడమ్,” అంది.

ఆ డిపార్టుమెంటులో అంతకంటే పనికిమాలిన జవాబు లేదు. ఆర్కిటెక్టు పెన్ను మూసేశాడు. ఫలితాల్లో పెద్దక్క పేరుకు ఎదురుగా ‘మళ్ళీ చేయాలి’ అని వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే కుర్చీలో కూలబడింది. అత్తగారు మొహం చూసి, మంచినీళ్ళిచ్చి, మనవరాల్ని లెక్కలు చేయించడానికి లోపలి గదిలోకి తీసుకుపోయింది. ఆవిడకు లెక్కలు రావు.

సంగతి సిస్టర్‌కు కిటికీ కిందినుంచే చేరింది. “పెద్దక్క ఫెయిలైందట. ఎందుకలా పెట్టావంటే ఊరికేనే అందట” అని పిల్లలు చెప్పుకుంటూ పోయారు. ఆమె ఆ ఉదయమే గోడ పట్టుకుని మదర్ గదికి వెళ్ళింది.

మదర్ పెద్దక్కను పిలిపించింది. గదిలో వ్యాకరణం సిస్టర్ కూడా కూర్చుని ఉంది.

“నీకు తెలుసు,” అంది మదర్. “నాకు చెప్పలేదు.”

“చెప్పనని మాటిచ్చాను మదర్.”

“మెట్ల మీద పడి ఉంటే? అప్పుడు ఆ మాటని ఏం చేసుకునేదానివి?”

పెద్దక్క మార్కుల సంగతి ఆలోచించింది, మాట సంగతి ఆలోచించింది, మెట్ల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. గదికి కొలతలు తీసింది గానీ గుమ్మం దాటి చూడలేదు.

“ఎందుకు చెప్పేశారు సిస్టర్?” అంది చివరికి, అటు తిరిగి.

“నీ కోసమని అనుకోకు. కనబడుతున్నట్టు ఉండటం మహా చాకిరీ అమ్మా. ఎవరు నవ్వితే నవ్వాలో, ఎటు చూడాలో, పొద్దున లేచిన దగ్గర్నుంచి అదే పని. ఇక ఓపిక లేదు.”

మదర్ కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకుంది. “ఇక్కడ ఎవరికి ఏం బాలేదో నాకూ తెలీదు. ఎవరినడిగినా బాగున్నామనే అంటారు. తెలియకుండా నేనేం చూసుకోను?” అంది. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు.

డాక్టరు చూసి, చూపు ఇక తిరిగి రాదన్నాడు. కానీ కాళ్ళు గట్టిగానే ఉన్నాయి కాబట్టి, ఆ ఏడాదికి సిస్టర్‌ను అక్కడే ఉంచడానికి మదర్ ఒప్పుకుంది. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూద్దామంది. అంతకుమించి మాటివ్వలేదు. వడ్రంగి వచ్చి పట్టీ కొట్టాడు. గది దాటి వరండాలోకి, మెట్ల చివరిదాకా కూడా కొట్టాలని పెద్దక్క పట్టుబట్టింది. మంచం పక్కన సిలువకు మదర్ తన చేత్తోనే మేకు కొట్టింది.

స్టూడియో మేడమ్ మాత్రం పని మళ్ళీ చేయించింది. ప్రతి గీత పక్కనా కారణం రాయించి, మధ్యస్థంగా మార్కులేసింది. “డిజైన్ బావుంది, జవాబు బాలేదు. రెండూ కలిపి వేశాను,” అంది. పెద్దక్కకు అది అన్యాయమనిపించలేదు.

పట్టీకి వార్నిష్ ఆరాక ఒక సాయంత్రం సిస్టర్ మంచం దగ్గర్నుంచి వరండా చివరిదాకా నడిచింది. పెద్దక్క వెనకే, పట్టుకోకుండా, పట్టుకోగలిగేంత దగ్గర్లో నడిచింది. మెట్ల దగ్గర సిస్టర్ ఆగి, అక్కడి గాడిని బొటనవేలితో తడిమి, కాసేపు నిలబడింది. వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది.

వరండాలోకి తలుపు తీసి మదర్ అదంతా చూస్తోంది. పక్క గది సిస్టర్ పట్టీ మీద చెయ్యి వేసి, ఎవరూ చూడట్లేదనుకుని, తానూ నాలుగడుగులు వేసింది.

“మిగతా గదులు కూడా కొలవాలి,” అంది మదర్. “ఇప్పుడు చూస్తావా?”

టేపు సంచిలోనే ఉంది. ఇంకెప్పుడైనా అయితే సరేనని తీసేదే.

“ఇవాళ వల్ల కాదు మదర్. బాగా అలిసిపోయాను,” అంది పెద్దక్క.

మదర్ ఆమె మొహంలోకి చూసి తలూపింది. “రేపు రా. భోంచేసి రా.”